జులై 4న ఎవరూ వరసకట్టి సంతకాలు పెట్టలేదు

“1776లో అమెరికా నాయకులు 56 మంది నెల రోజులు స్వాతంత్ర్యం గురించే చర్చించి, జులై 4న స్వాతంత్ర్య ప్రకటనపై ఏకగ్రీవంగా సంతకాలు పెట్టారు.” ఏటా కనిపించే ఈ మాటలో ఏ ముక్కా నిలవదు.

ముందు ఆ “నెల రోజుల చర్చ” సంగతి. బ్రిటన్ నుంచి విడిపోవాలని జూన్ 7న వర్జీనియా ప్రతినిధి రిచర్డ్ హెన్రీ లీ తీర్మానం పెట్టారు. 8న, 10న వాదించుకుని జులై 1కి వాయిదా వేశారు. ఫిలడెల్ఫియాలో కూడిన ఆ సభ, అంటే బ్రిటిష్ కాలనీల ప్రతినిధుల కాంగ్రెస్‌లో, ఓటు మనిషికి కాదు, కాలనీకి ఒకటి. పెన్సిల్వేనియా, న్యూయార్క్, మేరీలాండ్ లాంటి చోట్ల నుంచి ప్రతినిధులకు ఔననే అధికారం ఇంకా రాలేదు. తొందరపడితే కూటమే చీలేది.

ఆలోపు వాళ్లు నడిపింది యుద్ధం. కెనడాలో సైన్యం ఓటమితో, మశూచితో కుదేలైంది. కారణాలు తేల్చడానికి కమిటీ వేశారు. న్యూయార్క్ రక్షణకు 13,800 మంది మిలీషియాను (స్థానిక పౌర దళాలను) అడిగారు. మూడేళ్లకు సైన్యంలో చేరేవాళ్లకు తలా 10 డాలర్లు ఇస్తామన్నారు. కొత్తగా పెట్టిన యుద్ధ బోర్డుకు జాన్ ఆడమ్స్ అధ్యక్షుడు. ప్రకటన ముసాయిదా కమిటీలోనూ, విదేశీ ఒప్పందాల కమిటీలోనూ ఆయనే. బోర్డు పనంతా పొద్దున సభకు ముందు, మళ్లీ సాయంత్రం. ప్రకటనను ఆమోదించిన జులై 4నే సభ ఇంకో తీర్మానమూ చేసింది: న్యూయార్క్ దళాలకు చెకుముకి రాళ్లు తెప్పించాలి, వాటిని చేసే పనివాళ్లను పెట్టుకోవాలి. రాయి అంచు మొద్దుబారితే నిప్పురవ్వ రాదు, తుపాకీ పేలదు. ఆ నెల అసలు స్వరూపం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఏకగ్రీవమా? జులై 1న అనుకూలం 9 కాలనీలే. పెన్సిల్వేనియా, దక్షిణ కరోలినా కాదన్నాయి. డెలావేర్ ప్రతినిధులిద్దరూ చెరో వైపు. న్యూయార్క్ ఓటే వేయలేదు. మర్నాటికి డెలావేర్ మూడో ప్రతినిధి సీజర్ రాడ్నీ రాత్రంతా ప్రయాణించి వచ్చి డెలావేర్‌ను అనుకూలం చేశారు. అక్కడి ప్రతినిధులు డికిన్సన్, రాబర్ట్ మోరిస్ ఓటుకు దూరంగా ఉండడంతో పెన్సిల్వేనియా మారింది. దక్షిణ కరోలినా కూడా కలిసింది. 12 ఓట్లతో స్వాతంత్ర్యం ఖాయమైంది జులై 2న. న్యూయార్క్ అంగీకారం 9న.

అక్కడి నుంచి 4 దాకా, ప్రకటనకు జెఫర్సన్ రాసిన ముసాయిదా దిద్దడానికి పట్టింది. దాదాపు నాలుగో వంతు కొట్టేశారు, బానిసల వ్యాపారాన్ని తప్పుపట్టిన భాగంతో సహా. ఆ కోత క్షమించరానిది.

ఇక సంతకాలు. 4వ తేదీ రాత్రి ముద్రాపకుడు డన్‌లాప్ అచ్చు వేసిన కాగితంపై ప్రతినిధులందరి పేర్లూ లేవు. సభాధ్యక్షుడు హాన్‌కాక్, కార్యదర్శి థామ్సన్ పేర్లే అచ్చులో ఉన్నాయి. తోలు ప్రతి రాయించాలని ఆదేశించింది జులై 19న. ఎక్కువమంది సంతకం చేసింది ఆగస్టు 2న. సంతకం చేసిన బెంజమిన్ రష్ సభకు ఎన్నికైందే జులై 20న. ముసాయిదా కమిటీలో ఉన్న రాబర్ట్ లివింగ్‌స్టన్ సంతకం అందులో లేనే లేదు.