నేల-బండ ఆడినవాళ్ళకి ఈ ఆట కొత్త కాదు

"నాన్నా, జుట్టు చూడు. ఎర్రగా ఉంటే ఇంకోసారి దూసుకెళ్ళొచ్చు. నీలంగా అయిపోయిందంటే ఇక నేల తగిలేదాకా ఏమీ లేదు."

బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్. తొమ్మిదో తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయి సోఫా అంచు మీద కూర్చుని సెలెస్ట్ అనే వీడియో గేమ్ ఆడుతోంది. రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరి, టీవీ కట్టేయమని చెప్పబోతున్నవాణ్ణి ఆ మాటకి ఆగిపోయాను.

తెర మీద మాడెలిన్ అనే అమ్మాయి కొండెక్కుతోంది. గెంతుతుంది, గోడ పట్టుకుని ఓపిక ఉన్నంతసేపు పాకుతుంది. ఇవి కాక గాల్లో ఉండగా ఒకే ఒక్కసారి ఎనిమిది దిక్కుల్లో ఏదో ఒక దిక్కుకి బాణంలా దూసుకెళ్ళగలదు. దాన్ని డాష్ అంటారు. వాడేయగానే ఎర్రజుట్టు నీలమవుతుంది, కాలు నేలకి తగలగానే మళ్ళీ ఎర్రబడుతుంది. చుట్టూ ముళ్ళు. ఒక్క ముల్లు గుచ్చుకున్నా చావే. కానీ కన్ను మూసి తెరిచేలోగా అదే తెర మొదట్లో మళ్ళీ నిలబడి ఉంటుంది. నేను అక్కడ నిలబడి ఉండగానే మా అమ్మాయి ఒకే చోట ముప్పైరెండుసార్లు చచ్చింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ముప్పైమూడోసారి డాష్‌ని రెప్పపాటు ఆలస్యంగా నొక్కింది. అవతలి గట్టు అందింది.

పోయిన ఉగాదికి మన తెలుగు సంఘం భోజనాల దగ్గర ఈ సంగతే వచ్చింది. వీడియో గేములతో పిల్లలు పాడైపోతున్నారని ఒకరంటే పదిమంది అవునన్నారు. ఆ పదిమందిలో నేనూ ఉన్నాను. ఈ వ్యాసం ఆ మాట వెనక్కి తీసుకోవడానికి రాస్తున్నాను. ఫోన్‌లో నాణేలు అమ్మి, అరగంటకోసారి గంట మోగించి పిలిచే ఆటల్ని, ఈ ఆటనీ ఒకే గంపలో వేసి మాట్లాడాం. అది తప్పు.

మాది మదనపల్లె దగ్గర పల్లె. చిన్నప్పుడు కుంటాట ఆడేవాళ్ళం. దొంగ ఒంటికాలి మీద కుంటుకుంటూ వచ్చి పట్టుకోవాలి, రెండో కాలు కింద పెడితే పోయినట్టే. ఉన్న రెండు కాళ్ళలో ఒకటి తీసేస్తారు, అంతే. దాంతో రోజూ పరిగెత్తే వాకిలే కొత్త చోటైపోతుంది. నేల-బండ కూడా అంతే. దొంగ నేల కోరుకుంటే మిగిలినవాళ్ళందరూ బండల మీదే ఉండాలి. అరుగు నుంచి రోటికి, రోటి నుంచి గడప రాయికి. మధ్యలో మట్టి తగిలిందా, దొరికిపోయినట్టే. మా అమ్మాయి ఆడుతుంటే నాకు కనబడింది ఆ వాకిలే.

2010లో టెర్రీ కవానా చేసిన ఆట ఒకటుంది, ఆంగ్ల అక్షరం వీ ని ఆరుసార్లు రాస్తే అదే దాని పేరు. అందులో గెంతడమే లేదు. మీట నొక్కితే భూమ్యాకర్షణ తిరగబడుతుంది, మనిషి పైకప్పుకి పడి తలకిందులుగా నడుస్తాడు. మళ్ళీ నొక్కితే కిందకి పడతాడు. ఒకచోట మోకాలెత్తు దిమ్మె అడ్డం వస్తుంది. మామూలు ఆటలో ఒక్క గెంతు చాలు. ఇక్కడ గెంతలేడు కదా, ఆ దిమ్మెకి అవతలి పక్క దిగాలంటే ముళ్ళ మధ్య నుంచి తెర తర్వాత తెర పైకి పడుతూ పోయి, చివర్లో తిరగబడి, వచ్చిన దారంతా మళ్ళీ కిందకి పడుతూ రావాలి. అదంతా మోకాలెత్తు దిమ్మె కోసం! కుంటాటలో నాలుగడుగుల దూరం ఎంత దూరమో తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

నేను ఉద్యోగరీత్యా టెస్టర్ని, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు (బగ్గులు) వెతకడం నా పని. అది తెలిసే మా అమ్మాయి ఒకరోజు అడిగింది, "నాన్నా, అంచు దాటిపోయాక నొక్కినా గెంతింది. బగ్గా?" పక్కన కూర్చుని నెమ్మదిగా చూశాను. నిజమే, కాలు గట్టు దాటాక కూడా గెంతుతోంది. అది బగ్ కాదు, కావాలని పెట్టింది. కయోటీ టైమ్ అంటారు. పాత కార్టూన్‌లో కొండ అంచు దాటినా గాల్లో పరిగెత్తి, కిందకి చూసుకున్నాక గాని పడని తోడేలు జాతి జంతువు ఉంటుందే, దాని పేరే. సెలెస్ట్ చేసినవాళ్ళు మాడెలిన్ కదలికలు నడిపే కోడ్ ఫైలుని అందరూ నేర్చుకోవడానికి బయటపెట్టారు. ఒక రాత్రి కూర్చుని చదివాను. అంచు దాటాక ఇచ్చిన వెసులుబాటు సెకనులో పదో వంతు.

వెతికితే ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నేల తగలకముందే తొందరపడి గెంతు నొక్కినా ఆట దాన్ని గుర్తుపెట్టుకుని, తగలగానే గెంతిస్తుంది. పైకి ఎగిరేటప్పుడు తల ఇటుక మూలకి కొద్దిగా తగిలితే అక్కడే ఆపేయదు, మనిషిని చుక్కంత పక్కకి జరిపి దారి ఇస్తుంది. ఇవేవీ ఆడేవాళ్ళ కంటికి కనబడవు. కంటికి కనబడేవి ముళ్ళే. ఇంత కష్టమైన ఆట పెట్టినవాళ్ళు, చెయ్యి కంటికన్నా ఒక పిసరు వెనకబడుతుందని తెలుసుకుని, ఆ పిసరు తప్పుని పిల్ల మీద వెయ్యకుండా తామే భరించారు. పరీక్ష పేపరు చేతికి రాగానే ఎక్కడ మార్కు పోయిందని ముందు అడిగేవాణ్ణి నేను. ఆ కోడ్ చదివాక చాలాసేపు నిద్రపట్టలేదు.

ఇంకా కావాలంటే ఆట వేగాన్ని సగందాకా తగ్గించుకునే వీలు కూడా ఉంది. మా చిన్నవాడు అలాగే ఆడతాడు. వాళ్ళక్క వాణ్ణి ఏమీ అనదు.

డబ్బు గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఒకసారి కొంటే అయిపోయింది, మధ్యలో ఏదీ కొనమని అడగదు, ప్రకటనలు లేవు. మా ఇంట్లో సెలవు రోజుల్లో గంటన్నర, బడి రోజుల్లో అరగంట. అంతకన్నా ఎక్కువ ఆడితే మెడనొప్పి వస్తుంది, నేనూ ఒప్పుకోను.

చెట్టెక్కే ఆటకి ఇది సాటి కాదని పెద్దలంటారు. కాదు, నిజమే. కానీ మా అపార్ట్‌మెంట్‌లో చెట్టెక్కితే సెక్యూరిటీ ఈల వేస్తాడు. సెల్లార్‌లో కార్ల మధ్య పరిగెత్తితే సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఫొటోతో సహా ఫిర్యాదు వస్తుంది. వాకిళ్ళు లేని ఊరికి పిల్లల్ని తెచ్చింది మనమే. తెర మీద వాళ్ళొక వాకిలి వెతుక్కుంటే, కనీసం పక్కన కూర్చుని అదేంటో చూడాలి కదా.

నాకు ఇంకో కోరిక కూడా ఉంది. మన సంఘంలో సంక్రాంతికి ముగ్గులు, ఉగాదికి పద్యాలు, వేసవిలో తెలుగు తరగతులు. అన్నీ మంచివే, ఉండాలి. వాటి పక్కన రెండు ఆదివారాలు పిల్లలతో ఆటలు తయారు చేయిద్దాం. ఈ ఊళ్ళో మనవాళ్ళలో కోడ్ రాసి బతికేవాళ్ళకి కొదవ లేదు. పెద్ద పెట్టుబడీ అక్కర్లేదు. 2018లో వచ్చిన సెలెస్ట్‌కి ముందు, దాని తొలిరూపాన్ని మాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ ఇద్దరే నాలుగు రోజుల్లో చేశారు. పీకో-8 అనే బుల్లి సాఫ్ట్‌వేర్ మీద, 128 చుక్కల వెడల్పు, 128 చుక్కల ఎత్తు ఉన్న తెరలో, 16 రంగులతో.

ప్రతి పిల్లా ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, చిన్నప్పుడు ఆడిన ఒక ఆట నియమం రాసుకుని రావాలి. తెలుగులోనే రాయాలి. బడిలో ఇంగ్లీషు, కన్నడ, హిందీ రాసి అలిసిపోయి తెలుగంటే పారిపోయే పిల్లలు, తమ ఆటలో తెర మీద పడే అక్షరాలని మాత్రం తప్పులు లేకుండా రాయాలని చూస్తారు. మా ఇంట్లో చూస్తున్నాను కాబట్టే అంటున్నా. 'బండ'కి ఏ డ అని మా అమ్మాయి నన్ను అడిగింది మొన్ననే.

ఎందుకంటే తను మొదలుపెట్టేసింది. గళ్ళ నోటుబుక్కులో మూడు తెరలు గీసింది. మాడెలిన్ లేదు, డాష్ లేదు. పైన 'నేల' అని పడితే మట్టి రంగు గళ్ళన్నీ ముళ్ళవుతాయి, 'బండ' అని పడితే బూడిద రంగు గళ్ళు. మాట మారేలోగా ఇటు నుంచి అటు దూకాలి. రెండో తెరలో మాట మరీ త్వరగా మారిపోతోందని, అంచు దాటాక కాస్త వెసులుబాటు ఎంత పెట్టాలని నన్ను అడుగుతోంది. సెకనులో పదో వంతుతో మొదలుపెట్టి చూద్దామన్నాను. మూడో తెరలో రోటికీ గడప రాయికీ మధ్య దూరం ఎక్కువైంది. దాన్ని ఈ ఆదివారం రెండు గళ్ళు దగ్గరికి జరపాలి.