పేదింటి కప్పు చల్లబడేదెలా?

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర పైకప్పులను, అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాద్‌లోనే, ఎండను తిప్పికొట్టేలా మార్చాలని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం మంచిదే. అయితే సొంత ఇళ్ల విషయంలో ఆ విధానం 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టేవాటికే తప్పనిసరి. అంతకు తక్కువ స్థలంలో కట్టుకునేవారి ఇష్టానికే వదిలేశారు. ఎండ దెబ్బ ఎక్కువగా తగిలేది మాత్రం అరవై, డెబ్బై గజాల్లో ఒక్క అంతస్తు వేసుకుని, పైన మరో గది నీడైనా లేకుండా బతికే కుటుంబాలకే. ఈ లోటును సరిదిద్దాల్సిన సమయం వచ్చిందని మేం భావిస్తున్నాం.

మన ప్రాంతంలో ఇంటికి వేడి వచ్చే ప్రధాన దారి పైకప్పే. ఏప్రిల్ చివరి వారంలో తిరుపతి మీద, మే రెండో వారానికి హైదరాబాద్ మీద మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ గోడల మీద ఎండ ఏటవాలుగా పడుతుంది, స్లాబు మీద మాత్రం నిట్టనిలువుగా దిగుతుంది. పగలంతా వేడిని పీల్చుకున్న కాంక్రీటు పొద్దుగూకిన తరువాత దాన్ని గదిలోకి వదలడం మొదలుపెడుతుంది కనుకనే, బయట గాలి చల్లబడినా అర్ధరాత్రి దాకా ఇల్లు చల్లబడదు. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయిన సంగతి మరువరాదు. పగలు ఎండలో పనిచేసి వచ్చిన శరీరం రాత్రి కూడా తేరుకోలేకపోతే ముప్పు పెరుగుతుందని వైద్యులు చెబుతూనే ఉన్నారు.

రాయలసీమ మిద్దెల మీద మందంగా పరిచిన చవుడు మట్టి, పెంకుటింటి కప్పు కింద ఆడే గాలి వేడిని ఆపేవి. వాటికి ఏటా మరమ్మతు తప్పదు, వానకు కారేవి. జనం స్లాబు వైపు మళ్లడంలో తప్పేమీ లేదు. మట్టి మందం చేసిన పనిని స్లాబు మీద మరొక పదార్థంతో చేయించుకోకపోవడమే లోపం. కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో 2018 డిసెంబరులో నివాస భవనాల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి ప్రకారం పైకప్పు గుండా దిగే వేడి, లోపలికీ బయటికీ ఉండే ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లు మించరాదు. ఏ పొరా లేని ఆరంగుళాల స్లాబు అంతకు రెండున్నర రెట్లకు పైగా వేడిని లోపలికి పంపుతుంది. అదే స్లాబు మీద అంగుళన్నర మందం గట్టి థర్మోకోల్ పలకలు పరిస్తే ఆ పరిమితికి ఎంతో దిగువకు వస్తుంది.

ఇందులో పనితనం ముఖ్యం. వేడిని ఆపే ఈ పొరను వీలైనంతవరకు స్లాబు పైనే వేయాలి, కింద కాదు. అప్పుడే కాంక్రీటు అంతగా వేడెక్కదు. వాటర్ ప్రూఫింగ్ సరిగా చేసి, వాన నీటికి వాటం చూసి, పైన సిమెంటు పూతో పెంకులో వేయాలి. చివరగా తెలుపు పూస్తే చాలావరకు ఎండ అక్కడినుంచే వెనక్కి పోతుంది. సున్నమైనా పనిచేస్తుంది కానీ దుమ్ము పట్టి, వానకు కడుక్కుపోతుంది గనుక ఏటా వేసవికి ముందు మళ్లీ వేయాలి. రేకుల ఇళ్లలో రేకుకు, లోపలి సీలింగుకు మధ్య గాలి తిరిగే ఖాళీ ఉంచాలి. ఖర్చు తగ్గుతుందని థర్మోకోల్‌ను ఏ పూతా లేకుండా గది లోపలి వైపు అంటించడం మాత్రం ప్రమాదం, దానికి తేలిగ్గా మంటలు అంటుకుంటాయి.

కరెంటు లెక్క కూడా ఇక్కడే ఉంది. తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హులకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు ఉండదు. దాటితే మొత్తం వాడకానికీ కట్టాలి. టన్నున్నర ఏసీ నడుస్తుంటే గంటకు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు లాగుతుంది. కప్పు వేడిని ఆపినప్పుడు ఏసీ తక్కువసేపు నడుస్తుంది, సెట్టింగ్ ఒక డిగ్రీ పెంచినా విద్యుత్తు దాదాపు ఆరు శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. ఫ్యానుతోనే సరిపెట్టుకునే ఇంట్లో బిల్లు మారకపోవచ్చు, కానీ అక్కడ దక్కేది నిద్ర. దాన్ని తక్కువగా చూడలేం.

ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది, కనీస విస్తీర్ణం 400 చదరపు అడుగులు. చదరపు మీటరుకు 300 రూపాయలని కూల్ రూఫ్ విధానం వచ్చినప్పుడు చెప్పిన లెక్కన చూసినా, ఆ కప్పుకు తెలుపు పూతకయ్యేది పదకొండు వేల రూపాయలు. మొత్తం సాయంలో రెండు శాతానికి కాస్త ఎక్కువ. వేడిని ఆపే థర్మోకోల్ పలకలకు ఇంకొంత అవుతుంది. ఈ సొమ్మును లబ్ధిదారు వాటా నుంచి మినహాయించకుండా అదనంగా ఇచ్చి, స్లాబు దశ తరువాతి విడతతో కలిపి విడుదల చేయాలి. మేస్త్రీలకు మండల స్థాయిలో ఈ పనిలో శిక్షణ ఇవ్వాలి. రెంటచింతల ఎండ రామగుండం ఎండకు తీసిపోదు కనుక, ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ పథకాలకూ ఇదే పద్ధతి వర్తింపజేయాలి. వచ్చే వేసవికి ముందే ఉత్తర్వులు వెలువడితే, ఇప్పుడు పునాదుల్లో ఉన్న ఇళ్లకైనా ఆ మేలు అందుతుంది.