ఎండాకాలంలో బీపీ మాత్ర

ఏప్రిల్ వచ్చిందంటే అనంతపురం జిల్లాలో జనం చెవిన రెండు మాటలు పడుతుంటాయి. వడదెబ్బ తగలకుండా ఉప్పేసిన మజ్జిగ తాగమని ఒకరు, బీపీ ఉంది కాబట్టి ఉప్పు తగ్గించమని మరొకరు. పార, తట్ట పట్టుకుని ఉపాధి పనికి పోయే బీపీ మనిషి ఏ మాట వినాలి?

ఈ తికమక ఒంట్లోనే ఉంది. నీళ్లు, ఉప్పు తగ్గగానే మూత్రపిండాలు రెనిన్ అనే ఎంజైమ్‌ను రక్తంలోకి వదులుతాయి. దాన్ని 1898లోనే స్వీడన్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ కనిపెట్టారు. రెనిన్ మొదలుపెట్టిన పని యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్ దాకా పోతుంది. అది రక్తనాళాల గోడల్లో హార్మోన్ కూర్చునే చోట్లయిన రిసెప్టర్ల మీద కూర్చుని నాళాలను బిగిస్తుంది, ఆల్డోస్టెరాన్ అనే మరో హార్మోన్‌ను రప్పించి ఉప్పునూ నీళ్లనూ బయటికి పోనివ్వదు. కరవు సీమ మనిషికి ఇది ఒంట్లో దాచుకున్న చెరువు. బీపీ ఉన్న చాలామందిలో మాత్రం అవసరం లేకపోయినా ఈ బిగింపు సాగుతూనే ఉంటుంది.

1995లో అమెరికాలో అనుమతి పొందిన లోసార్టన్ అనే బీపీ మందు ఆ రిసెప్టర్‌ను ముందే ఆక్రమిస్తుంది, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు. హార్మోన్ వచ్చినా కూర్చోవడానికి చోటుండదు. షుగర్ వల్ల దెబ్బతిన్న మూత్రపిండాలు మరింత పాడవడాన్ని ఇది నెమ్మదింపజేస్తుందని 2001లో తేలింది. ఇదే జాతి మందు టెల్మిసార్టన్ ఇవాళ మన పల్లెల్లో చాలామంది కొంగు ముడిలో, చొక్కా జేబులో ఉంది. అట్ట వెనకున్న పేరు చదవలేకపోయినా దాన్ని 'బీపీ బిళ్ల' అని గుర్తుపట్టేస్తారు.

మంచి మందే, అందులో అనుమానం లేదు. కానీ వాంతులో విరేచనాలో పట్టుకున్నప్పుడు, మిట్టమధ్యాహ్నం చెమటకు ఒళ్లు ఎండిపోయినప్పుడు మూత్రపిండానికి ఆ పాత బిగింపే ఆసరా. దాన్ని మాత్ర అడ్డుకుంటే మూత్రపిండం ఇబ్బందిలో పడొచ్చు. రక్తంలో పొటాషియం కూడా పెరగొచ్చు. 'బీపీకి మంచిది' అంటూ అమ్మే తక్కువ సోడియం ఉప్పులో కొంత సోడియానికి బదులు కలిపేది పొటాషియమేనని కొనేవాళ్లలో ఎంతమందికి తెలుసు? గర్భిణులు ఈ మందు అసలే వాడకూడదు.

అలాగని ఎవరికి వారే మాత్ర మానేస్తే పక్షవాతం పొంచి ఉంటుంది. మానాలా, ఎన్నాళ్లు ఆపాలి అన్నది డాక్టరు చెప్పాలి, అదీ జబ్బు పడకముందే. మందు అట్ట చేతిలో పెట్టేటప్పుడు 'వాంతులైతే ఫోన్ చెయ్యమ్మా' అనడానికి అర నిమిషం పట్టదు.

ప్రభుత్వాన్ని మేము అడిగేదీ పెద్దదేం కాదు. ఈ మాత్రలు పంచే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష జరగాలి. ఒక రక్తపరీక్ష కోసం కూలి పోగొట్టుకుని మడకశిర నుంచో రాయదుర్గం నుంచో పట్నానికి రమ్మంటే ఎవరొస్తారు? నలభై డిగ్రీలు దాటిన ఎండలో పనిచేసే మనుషుల మీద ఈ మందుల ప్రభావాన్ని మన వైద్య కళాశాలలే లెక్కగట్టాలి. చల్లని దేశాల రోగులను చూసి రాసుకున్న జాగ్రత్తలు మే నెల వేరుశనగ చేనుకు ఎంతవరకు సరిపోతాయో అప్పుడే తెలుస్తుంది.