పదిహేడు కెంపుల వాచీ

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు అమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. అన్నయ్యకి పడక్కుర్చీ, అక్కకి వెండి కంచం ఇచ్చింది. నా చేతిలో నాన్న వాచీ పెట్టి, "నీకే ఇది అవసరంరా, పుట్టిన దగ్గర్నుంచీ ఎక్కడికీ టైముకి వెళ్ళిన పాపాన పోలేదు" అంది. పంపకాల్లో చివాట్లు కూడా వాటాకి వచ్చినవాణ్ణి మా మర్రిపాలెం మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

వాచీ డయలు పైసగం తుప్పు తినేసింది. విశాఖ ఉప్పుగాలికి బాల్కనీ గ్రిల్లే పొరలు పొరలుగా రాలిపోతుంటే, ఏళ్ళ తరబడి పెట్టెలో మూలిగిన వాచీ ఒక లెక్కా? కంపెనీ పేరు ఉండాల్సిన చోట టీ ఒలికినట్టు ఒక మచ్చ. కింద మాత్రం సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో రెండు ముక్కలు మిగిలాయి. ఒకటి '17 జ్యువెల్స్'. రెండోది 'పారాషాక్'.

మా బావకి తెలియని విషయం అంటూ ఉండదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వాచీని ముక్కు దాకా తెచ్చుకుని, "పారాషాక్! పారిస్ సరుకు కదోయ్ బామ్మర్దీ! మావయ్యగారు షిప్‌యార్డులో ఉన్నప్పుడు ఏ ఫ్రెంచి కెప్టెనో ముచ్చటపడి ఇచ్చుంటాడు" అని తేల్చేశాడు.

అమ్మ ఏదో అనబోయింది. మా ఇంట్లో బావ మాట్లాడుతుంటే ఇంకొకరికి అవకాశం ఉండదు.

అక్క మాత్రం పైముక్క దగ్గరే ఆగిపోయింది. ఆ రాత్రి ఫోన్ చేసింది. "తమ్ముడూ, వాచీ జాగ్రత్తగా పెట్టావా? లోపల పదిహేడు రాళ్ళున్నాయట కదా, మీ బావ కెంపులంటున్నారు. వాచీ నీదే, కాదనను. రాళ్ళు మాత్రం నాన్నవి. ముగ్గురికీ అయిదేసి వేసుకుంటే రెండు మిగులుతాయి, అవి అమ్మకి." లెక్క అప్పటికే అయిపోయింది, నేను ఊ అనడమే తరువాయి.

పదిహేడు కెంపులు ఇంట్లో ఉన్నాయంటే టెన్షన్ ఉండదా? బీరువాకి తాళం సరిగ్గా పడదు. చివరికి దేవుడి గదిలో, సుప్రభాతం వినిపించే పెద్ద స్పీకరు బాక్సు మీద పెట్టాను. దేవుడి కాపలా ఉంటుంది, అడుగు దూరంలో పిలక కొబ్బరికాయ కూడా ఉంది. పొద్దున్నే స్నానం చేసి వచ్చి కీ ఇవ్వడం, చేతికి పెట్టుకోవడం, రాత్రి మళ్ళీ స్పీకరు మీద పడుకోబెట్టడం. సమయానికి ఫోను చూడ్డం కూడా మానేశాను. నలుగురిలో మణికట్టు ఎత్తి టైము చూసుకోవడంలో ఒక దర్జా ఉంది లెండి.

రెండో రోజు ఆఫీసుకి స్వీపరు కంటే ముందు వెళ్ళాను. మూడో రోజు తాళాలు తీసే మనిషి కంటే ముందు వెళ్ళాను. మేనేజరు నా భుజం తట్టాడు. నాన్న సుగుణాలు చేతి ద్వారా ఒంట్లోకి పాకుతున్నాయనుకున్నానే గానీ, వాచీ రోజుకి అరగంట చొప్పున ముందుకు ఉరుకుతోందని తట్టలేదు. ముళ్ళు సరిదిద్దాలన్న ఆలోచనా రాలేదు. కన్నతండ్రి వాచీని నేను సరిదిద్దడమా!

నాలుగో రోజు రాత్రి మధురవాడలో మా స్నేహితుడి గృహప్రవేశం. ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 12 నిమిషాలకి. వాచీలో మూడవగానే మా ఆవిణ్ణి లేపి, స్కూటరెక్కించి బయల్దేరాను. హైవే మీద లారీలు తప్ప పురుగు లేదు. హనుమంతవాక దాటాక మా ఆవిడ వెనకనుంచి, "ఏవండీ, నా ఫోన్లో రెండు కూడా కాలేదు" అంది.

"నీ ఫోను చైనాది. ఇది పారిస్‌ది" అన్నాను.

ఆ మాట నేను పోయాక కూడా మా ఇంట్లో బతికే ఉంటుంది.

కొత్తింటి ముందు మామిడి తోరణం ఉంది, మనుషులు లేరు. కుక్కలు ఉన్నాయి. కాలింగ్ బెల్లు మూడుసార్లు నొక్కితే మా వాడు లుంగీ సర్దుకుంటూ వచ్చి, "ఎవరికైనా ఏమైనా అయిందా?" అన్నాడు గాభరాగా. పంతులుగారు రాలేదు. వంటవాళ్ళు రాలేదు. ఇంట్లోకి అందరికంటే ముందు అడుగు పెట్టాల్సిన ఆవు కూడా రాలేదు. ఎట్టకేలకి ఆవు దిగేసరికి నేను గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాను. ఆ ఫోటో వాళ్ళ ఆల్బంలో ఉంది.

ఆదివారం కుటుంబమంతా కదిలింది. అన్నయ్య హైదరాబాదు నుంచి వీడియో కాల్లో కూర్చున్నాడు. అక్క దూది పరిచిన కుంకుమ భరిణె ఒకటి తెచ్చింది, రాళ్ళు పోసుకోవడానికి. కురుపాం మార్కెట్లో ఒక బంగారం కొట్టాయన వాచీని కాటాలో వెయ్యడానికి కూడా ఒప్పుకోలేదు. "స్టీలండీ ఇది" అని వెనక సందు చూపించాడు.

సందులో మంచమంత కొట్టు, అద్దాల బల్ల, బల్ల వెనక కంటికి భూతద్దం బిగించుకున్న పెద్దాయన. వాచీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ మాట్లాడకుండా సొరుగులోంచి పిల్లలాడుకునే దిక్సూచి తీసి బల్ల మీద పెట్టి, వాచీని దాని చుట్టూ తిప్పాడు. ఉత్తరం చూడాల్సిన ముల్లు పూనకం వచ్చినట్టు ఊగింది.

"ఏటి బాబూ, దీన్నెక్కడెట్టారు?"

"స్పీకరు మీద."

ఆయన కంటికున్న భూతద్దం తీసి మరీ నన్ను చూశాడు. స్పీకరు లోపల పెద్ద అయస్కాంతం ఉంటుందట. వాచీలో వెంట్రుకలాంటి స్ప్రింగు ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అయస్కాంతం పట్టిందంటే ఆ చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి, స్ప్రింగు పొట్టిదైపోయినట్టే, దాంతో చక్రం గబగబా కొట్టుకుంటుంది. గంటకి 18,000 సార్లు, అంటే సెకనుకి అయిదు దెబ్బలు కొట్టాల్సిన వాచీ అది. నాలుగు రాత్రులు నేను చేసిన సేవకి దానికి గుండెదడ పట్టుకుంది. పెద్దాయన ఒక నీలం డబ్బా మీద వాచీని ఆనించి, బొత్తాం నొక్కి, మెల్లగా పైకి లేపాడు. అంతే, అయస్కాంతం దిగిపోయింది.

"ఇప్పుడు మూత తియ్యండి" అంది అక్క, భరిణె తెరుస్తూ.

సింహాచలం అప్పన్న నిజరూపం ఏడాదికి ఒకసారైనా, చందనోత్సవం నాడు కనపడుతుంది. మా వాచీది ఇన్నేళ్ళకి ఆ రోజే కనపడింది. లోపల మిషను మీద మూడక్షరాలు: హెచ్ఎంటీ. డయలుని వాలుగా వెలుతురుకి పట్టి చూపిస్తే, తుప్పు మచ్చ అడుగున 'జనత' అని హిందీలో లీలగా ఉంది. పారిస్ ఎక్కడా లేదు. పారాషాక్ అనేది జపాను సిటిజన్ కంపెనీ వాళ్ళు పెట్టుకున్న పేరట. వాచీ కిందపడ్డా లోపలి చక్రం ఇరుసు విరక్కుండా కాసే స్ప్రింగు ఏర్పాటు అది. హెచ్ఎంటీ వాళ్ళు బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టింది ఆ సిటిజన్‌తో కలిసే, 1961లో. ఆ మొదటి వాచీల్ని విడుదల చేసింది నెహ్రూ. మన షిప్‌యార్డులో 1948లో 'జల ఉష' ఓడని నీళ్ళలోకి వదిలిందీ ఆయనే. నాన్న ఉద్యోగానికీ చేతి వాచీకీ ఒకే పెద్దమనిషి రిబ్బను కత్తిరించాడన్నమాట. ఫ్రెంచి కెప్టెను కంటే ఇదే బాగుందని నాకు అనిపించింది. బావకి అనిపించలేదు.

"మరి కెంపులు?" అంది అక్క.

పెద్దాయన భూతద్దం ఆవిడకి ఇచ్చాడు. ఇత్తడి రంగు పలకల మధ్య అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. ఒక్కో చుక్క నడుమ సన్నటి బెజ్జం, అందులో ఇరుసు మొన తిరుగుతోంది. వాటి పక్కన ఆవగింజ పెడితే కొబ్బరికాయలా ఉంటుంది. "బండికి బుష్షులెలాగో దీనికియ్యి అలాగమ్మా. అరగవు. నిజం కెంపే, గానీ కొలిమిలో చేసింది" అన్నాడాయన. కెంపుని కొలిమిలో పోత పోసే పద్ధతి 1902లోనే వెర్నెయ్ అనే ఆయన లోకానికి చెప్పాడట, నేను తర్వాత చదివాను. ఆయన ఫ్రెంచివాడని బావకి ఇంతవరకూ చెప్పలేదు.

బావ ఊరుకోకుండా, "డయలు కొత్తగా రంగేయించేద్దాం, మెరిసిపోతుంది" అన్నాడు.

"వద్దు బాబూ. రంగేసినోటికి తెలిసినోళ్ళు సగం ధర కూడా ఇవ్వరు. నాన్నగారి ఫోటోకి మీసాలు కొత్తగా గీయిస్తారేటి?"

లోపల నూనె ఎండి జిగురైందని, సర్వీసింగుకి వారం పడుతుందని చెప్పాడు. హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసెయ్యాలని 2016లో కేంద్రం నిర్ణయించేసింది కదా, సామాను చచ్చిన వాచీల్లోంచే తియ్యాలట. రోజూ ఒకే వేళకి కీ ఇమ్మన్నాడు, అదీ చేతినుంచి తీశాకే. చాలు అన్నట్టు బిగిస్తే అక్కడ ఆపెయ్యాలి. నీళ్ళకీ, అయస్కాంతం మూత ఉన్న ఫోను కవర్లకీ దూరం. "స్పీకరు సంగతి మళ్ళీ సెప్పాలేటి?" అన్నాడు. అక్కర్లేదన్నాను.

అక్క మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, ఒక పాడైపోయిన వాచీలోంచి చిమటాతో ఎర్రచుక్క ఒకటి తీసి భరిణెలో వేశాడు. అక్క దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆటో ఎక్కింది. పాత పోస్టాఫీసు దాటాక బావ, "ఏదీ, మళ్ళీ చూద్దాం" అని మూత తీయించి, వంగి, ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్మాడు.

ఆటో పక్కకి ఆపించారు. ఇద్దరూ సీట్ల కింద దూరారు.

"ఏటి పోయింది సార్?" అన్నాడు ఆటో అతను.

"కెంపు" అంది అక్క.

అతను కూడా ఫోను టార్చి వెలిగించి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.