తైక్వాండోకు రెండు వేల ఏళ్లు లేవు

"కొరియా యుద్ధవిద్య తైక్వాండో రెండు వేల ఏళ్ల నాటిది. ప్రాచీన కొరియా రాజ్యం గోగుర్యో సమాధుల గోడల మీద దాని బొమ్మలున్నాయి. సిల్లా రాజ్యపు హ్వారాంగ్ యోధులు సాధన చేశారు. కొరియాను ఏలిన జపాన్ వాళ్లు నిషేధిస్తే గురువులు రహస్యంగా కాపాడారు. ఒలింపిక్స్‌తో ప్రపంచమంతా పాకింది." కరపత్రాల్లో, వాట్సాప్‌లో తెగ తిరిగే మాటలివి. ఒక్కోటీ పట్టి చూద్దాం.

ముయోంగ్‌చోంగ్ అనే గోగుర్యో సమాధి ఇప్పుడు చైనాలోని జియాన్‌లో ఉంది. దాని గోడ మీద ఇద్దరు చేతులు చాచి ఎదురెదురుగా ఉన్నారు. అది కుస్తీయా, నాట్యమా, పోరా అన్నది బొమ్మ చెప్పదు. పైగా గోగుర్యో, సిల్లా ఒకదానితో ఒకటి కొట్టుకున్న రాజ్యాలు. రెంటినీ ఒకే గురుపరంపరలో ఎలా కూర్చోబెడతారు?

హ్వారాంగ్‌లు నిజంగా ఉన్నారు. 1145లో పూర్తయిన కొరియా చరిత్ర గ్రంథం సామ్‌గుక్ సాగి వాళ్లను సంగీతంతో, నీతి బోధతో, కొండలూ నదులూ తిరుగుతూ పెరిగిన యువకులుగా చూపిస్తుంది. వాళ్ల పేరుతో ఉన్న 29 కదలికల క్రమం మాత్రం 20వ శతాబ్దంలో కొరియా సైనికాధికారి చోయ్ హాంగ్ హీ ఆధ్వర్యంలో కూర్చింది. 1790 నాటి కొరియా యుద్ధవిద్యల పుస్తకం ముయేదోబోతోంగ్జిని కూడా సాక్ష్యంగా చూపిస్తారు. అందులోని 24 విద్యల్లో వట్టి చేతులది ఒక్కటే, అదీ చైనా సేనాని చి జిగ్వాంగ్ పుస్తకం ఆధారంగా వచ్చింది.

ఇక "రహస్యంగా కాపాడారు" అన్నది. అసలు చరిత్రను కప్పేసేది ఈ మాటే. 1944లో సియోల్‌లో చుంగ్‌దోక్వాన్ అనే శిక్షణశాల తెరిచిన లీ వోన్ గుక్ జపాన్‌లో చదువుకుంటూ షోటోకాన్ కరాటే నేర్చుకున్నాడు. చోయ్ హాంగ్ హీ నేర్చిందీ కరాటేనే. తొలినాళ్ల పేర్లు తాంగ్‌సూదో, గోంగ్‌సూదో. 'కరాటే' అని రాయడానికి వాడిన చైనా అక్షరాలను కొరియన్‌లో చదివితే వచ్చేవే ఆ పేర్లు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది: ఆ శిక్షణశాలల్లో నేర్పిన ప్యోంగాన్ అనే కదలికల వరస ఒకినావాలో కరాటే గురువు ఇతోసు ఆంకో బడిపిల్లల కోసం రూపొందించిన పినానే, అంటే షోటోకాన్ వాళ్ల హేయానే.

నమ్మకపోతే చేసి చూడండి. హేయాన్‌లో మొదటిదైన హేయాన్ షోదాన్‌లో ఎడమకు తిరిగి, ఎడమ కాలు ముందుంచి కింది బ్లాక్. ఆపైన కుడి కాలు వేసి నడుము పైన కుడి పంచ్. తైక్వాండో కదలికల క్రమం చోన్‌జీ మొదలయ్యేదీ ఇలాగే. అలాంటిదే మరో క్రమం తెగుక్ ఇల్‌జాంగ్‌లోనూ అవే రెండు కదలికలు, అడుగు మాత్రం పొట్టి.

నిజంగా దాచి కాపాడుకున్నది తెక్యోన్ అనే పాత కొరియా విద్య. అందులో సాంగ్ దోక్ గి (1893–1987) నేర్పింది ఊగుతూ వేసే అడుగులు, కాలితో పడగొట్టడాలు. దాని కదలిక వేరు, లయ వేరు.

కొరియన్ల సొంత సృష్టి లేదని కాదు, ఉంది, అదీ మన కళ్లముందే ఉంది! పోటీల్లో ఛాతీకి కవచం కట్టారు. ముఖం మీద పంచ్, నడుము కింద తన్ను చెల్లవన్నారు. దాంతో పాదం తలదాకా లేచింది, గిర్రున తిరిగి తన్నే కిక్‌లు పుట్టాయి. రెండు వేల ఏళ్ల కథ ఈ ఘనతను వీళ్ల చేతుల్లోంచి లాక్కుని ఎవరో పురాతన యోధులకు ఇచ్చేస్తోంది. ఇది అన్యాయం. తైక్వాండో అన్న పేరు 1955 ఏప్రిల్ 11న ఖాయమైంది. 1961లో తేసూదో అని మార్చి, 1965లో మళ్లీ పాత పేరే పెట్టారు.

ఒలింపిక్స్ మాట కూడా తలకిందులే. 1959లో కొరియా సైన్యం ప్రదర్శన బృందం వియత్నాం, తైవాన్ వెళ్లింది. 1962 నుంచి దక్షిణ వియత్నాం సైనికులకు కొరియన్ శిక్షకులు నేర్పారు. అమెరికాలో కొరియన్ గురువు జూన్ రీ 1950లలోనే టెక్సస్‌లో నేర్పుతున్నాడు. ఒక అంతర్జాతీయ సమాఖ్య 1966లో, రెండోది 1973లో వచ్చాయి. 1988లో సియోల్‌లో తైక్వాండో ప్రదర్శన క్రీడ మాత్రమే. 2000లో సిడ్నీలో పతకాలు ఇచ్చేనాటికి టెక్సస్‌లో ఆ తన్నులు మొదలై నలభై ఏళ్లు దాటింది.