ఎదురు చెప్పని ఆటగాడు

మనిషితో టెన్నిస్ ఆడే అనాగరిక అలవాటుకు మా గేటెడ్ కమ్యూనిటీ ఈమధ్యే స్వస్తి చెప్పింది. కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించి, బంతులు తనే విసిరే బాల్ మెషీన్ కొనేసింది. గిట్టనివాళ్లు కొందరు దీన్ని తొందరపాటు అంటున్నారు. వాళ్ల కళ్లు తెరిపించక తప్పదు.

ముందు పాత పద్ధతిలోని లోపం చూద్దాం. మాకొక మార్కర్ ఉండేవాడు. హైదరాబాద్ క్లబ్బుల సంగతి తెలిసినవాళ్లకు మార్కరంటే ఎవరో చెప్పక్కర్లేదు. జోడీ దొరకని సభ్యులకు ఎదురు నిలబడి ఆడిపెట్టే మనిషి. ఆట బాగా వచ్చు, చిక్కంతా అక్కడే. మనం బంతిని ఎటు తోలినా సరిగ్గా మన నడుము ఎత్తుకే తిరిగి పంపిస్తాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "కాళ్లు కదపాలి సార్" అంటాడు. "గీత దాటింది సార్" అంటాడు. 20 వేల రాకెట్ పట్టుకుని, మోకాలికి పట్టీ బిగించి, పొద్దున్నే ఆరింటికి కోర్టుకొచ్చిన పెద్దమనిషితో అనాల్సిన మాటలేనా ఇవి?

మెషీన్‌కు ఆ దురలవాటు లేదు. లోపల రెండు చక్రాలు ఎదురెదురు దిశల్లో తిరుగుతుంటాయి. వాటి మధ్య నలిగిన బంతి బయటికి దూసుకొస్తుంది. పై చక్రం వేగం పెంచితే బంతి ముందుకు దొర్లుతూ వచ్చే టాప్‌స్పిన్, కింది చక్రం వేగం పెంచితే వెనక్కి తిరుగుతూ వచ్చే బ్యాక్‌స్పిన్. అంతే దాని లోకం. మనం కొట్టింది కోర్టులో పడిందా, బి-బ్లాకు బాల్కనీలో పడిందా దానికి అనవసరం. 2025లో వింబుల్డన్ లైన్ జడ్జీలను ఇంటికి పంపి ఆ పని కెమెరాలకు అప్పగిస్తే లోకమంతా అబ్బో అంది. కెమెరాలైనా "అవుట్" అంటాయి కదా! మా దగ్గర ఆ మాటే రద్దయింది.

ఇది సోమరుల సరదా అనుకునేవాళ్లకు చరిత్ర తెలియదు. 1920ల్లోనే ఫ్రెంచ్ ఛాంపియన్ రెనె లాకోస్ట్ బంతులు విసిరే యంత్రం చేయించుకుని సాధన చేశాడు. 1925లో, 1928లో వింబుల్డన్ గెలిచాడు. మా సభ్యులదీ ఆయన బాటే. ఆయన పేరుతో అమ్మే మొసలి బొమ్మ చొక్కా దాకా ఇప్పటికే వచ్చేశారు. ఆంద్రె అగస్సీ చిన్నప్పుడు వాళ్ల నాన్న లాస్ వెగాస్ ఇంటి పెరట్లో ఇలాంటి మెషీన్‌నే ఇంకా భయంకరంగా మార్చి పిల్లాడి మీదికి వదిలాడు. కొడుకు 8 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు, టెన్నిస్ అంటే అసహ్యమనీ చెప్పుకున్నాడు. మావాళ్లకు ఈ రెండు ప్రమాదాలూ లేవు.

ఫలితాలు కళ్లముందే ఉన్నాయి. ఒకే చోటికి, ఒకే ఎత్తులో, ఐదు సెకన్లకొక బంతి వస్తుంటే మా ట్రెజరర్‌గారి ఫోర్‌హ్యాండ్ నెల తిరక్కుండా అంతర్జాతీయ స్థాయి అందుకుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతికీ లోటుండదు. ఆ ఊపులో పక్క కాలనీతో పోటీ పెట్టుకున్నాం. అవతలివాడు భుజం తిప్పడాన్ని బట్టి బంతి ఎటొస్తుందో పసిగట్టాలట. మెషీన్‌కు భుజాలుండవు గనక మావాళ్లు ఆ అలవాటు మానేశారు. 6-0, 6-0. ప్రత్యర్థులు క్రమశిక్షణ లేకుండా ఒక్కో బంతిని ఒక్కో చోటికి కొట్టడమే ఓటమికి కారణమని కమిటీ తేల్చి, నిరసన లేఖ పంపింది.

ఒక్క చిన్న విషయం మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. లాకోస్ట్ యంత్రానికి చేత్తో తిప్పే పిడి ఉండేది, పక్కన నిలబడి ఎవరో ఒకరు తిప్పాల్సిందే. మాది బ్యాటరీది, తిప్పక్కర్లేదు. కానీ తొట్టిలో పట్టేది 150 బంతులు. పన్నెండున్నర నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత నెట్ అడుగున కొన్ని, కంచె మూల ఎండుటాకుల్లో కొన్ని, కాలువ జాలీ మీద ఒకటి. మంచుకు తడిసిన బంతిని అలాగే వేస్తే చక్రాల మధ్య జారి నెట్ దాకా కూడా రాదు. నూగు అరిగిన పాతది ఒక తీరుగా వస్తుంది, కొత్తది ఇంకో తీరుగా. ఒక్కొక్కటీ తుడవాలి, వేళ్లతో నొక్కి చూడాలి, పాతవీ కొత్తవీ వేరుచేయాలి. సభ్యులు ఒకరోజు వంగి చూశారు. మర్నాడు ముగ్గురు నడుము పట్టేసి రాలేదు.

ఈ పని తెలిసిన మనిషి మా ఆవరణ మొత్తానికి ఒక్కడే. అలా మార్కర్ మళ్లీ వచ్చాడు, సగం జీతానికి, "మెషీన్ ఆపరేటర్" హోదాతో. హోదా పెరిగింది గనక జీతం తగ్గినా సంతోషంగానే ఉండాలని కమిటీ అభిప్రాయం. ఎవరికీ సలహాలివ్వకూడదన్నది షరతు.

మొన్నటి సమావేశంలో ఒకే ఒక్క ఫిర్యాదు వచ్చింది. ఎంత మంచి షాట్ కొట్టినా మెషీన్ మెచ్చుకోవడం లేదట. గంటసేపు చర్చించి ఆ బాధ్యత కూడా ఆపరేటర్‌కే అప్పగించారు. బంతి ఎక్కడ పడినా సరే, పదింటికొకసారి "గుడ్ షాట్ సార్" అనాలి. బంతులు ఏరుకుంటూ అన్నా ఫర్వాలేదని మినిట్స్‌లో రాసుకున్నారు.