టక్

తాళం తిప్పాను. కారు "టక్" అంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ "టక్". ఇంకో మాట లేదు.

మాది ఇద్దరే పట్టే పాత స్పోర్ట్స్ కారు. ఎంత కిందికి ఉంటుందంటే, అందులోకి దిగడం, అందులోంచి ఎక్కి బయటికి రావడం అనాలి. రోడ్డు మీద వెళ్తుంటే అందరూ తల తిప్పి చూస్తారు. ఆ రోజు కూడా చూశారు. కాకపోతే వెనక నుంచి తోస్తూ చూశారు.

"బ్యాటరీ డౌన్ బావా" అన్నాడు మా బావమరిది, బానెట్ ఎత్తకుండానే. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కాబట్టి ఎత్తినా కనపడేది కాదు. తన కారు తెచ్చి పక్కన పెట్టి, జంపర్ కేబుళ్ళు తీసి, నాకో పాఠం చెప్పాడు. ఎర్ర క్లిప్పులు ప్లస్‌కీ ప్లస్‌కీ. నల్లవాటిలో ఒకటి వాడి బ్యాటరీ మైనస్‌కి. రెండోది మాత్రం నా బ్యాటరీకి కాదు, ఇంజను ఇనుముకి. నిప్పురవ్వ వస్తే బ్యాటరీ దగ్గర రాకూడదు కదా. పద్ధతి సరైనదే, దానికి వాణ్ణి తప్పుపట్టను. తాళం తిప్పగానే బండి గర్జించింది.

"చెప్పానా బావా!"

చెప్పాడు కాబట్టి కొత్త బ్యాటరీ కొన్నాను. పాతది పక్కింటి మాస్టారు అడిగితే ఇచ్చేశాను. రిటైరైన ఫిజిక్స్ మాస్టారు, ఏవో ప్రయోగాలు చేసుకుంటూ ఉంటారు. చచ్చిన బ్యాటరీతో ఏం ప్రయోగం అని అడగలేదు, బరువు తగ్గిందని సంతోషించాను. కొత్తది బిగించి, కాలర్ సర్దుకుని, తాళం తిప్పాను.

టక్.

మెకానిక్ వచ్చి చెవి ఒగ్గి విని, "సెల్ఫ్ పోయింది సార్" అన్నాడు. తాళం తిప్పగానే ఇంజనుని మొదట తిప్పే మోటారన్నమాట. కారు కింద పూటంతా పడుకుని సెల్ఫ్ మోటార్ ఊడదీశాడు. బల్ల మీద పెట్టి రెండు వైర్లు తగిలించగానే అది గిర్రున తిరిగి కింద పడబోయింది. "ఇక్కడ బాగానే తిరుగుతోంది. కానీ కారులో తిరగట్లేదుగా, మార్చేద్దాం" అన్నాడు. ఈ వాక్యంలో ఏదో తేడా ఉందని నాకు అప్పుడే తట్టాల్సింది. మారుద్దామన్నాను. వేరే సెల్ఫ్ వేశాక కూడా టక్కే. కొంచెం గట్టి టక్.

తోస్తే స్టార్టయ్యేది. అయినా ఎక్సలరేటర్ ఎంత తొక్కినా డాష్‌బోర్డులో ఛార్జింగ్ ఎర్రలైటు పూర్తిగా ఆరేది కాదు. "బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా పోయేలా ఉంది సార్" అని మెకానిక్ నెమ్మదిగా అన్నాడు. అప్పుడొచ్చింది నాకు టెన్షన్. ఇలా ఒక్కోటీ మార్చుకుంటూ పోతే చివరికి పాతది మిగిలేది నేనొక్కణ్ణే.

ఇక కొలుద్దామని సొరుగులోంచి వోల్టులు చూపే మల్టీమీటర్ తీశాను. నిండుగా ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను తిరుగుతుంటే 14 చుట్టుపక్కల ఉండాలి. ఇంజను ఆపి ఉండగానే నా మీటరు 15.8 చూపింది.

"కొత్త బ్యాటరీ కదా బావా, పవరు ఎక్కువ" అన్నాడు వాడు. ఒక్క నిమిషం నేనూ నమ్మాను.

గోడ అవతల నుంచి మాస్టారు గొంతు వినపడింది. "మీటరు తెర మూల చిన్న బ్యాటరీ బొమ్మ కనపడుతోందా? లోపలున్న 9 వోల్టుల బ్యాటరీ నీరసపడింది. అప్పుడు మీటరు ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుందండీ." జేబు ఖాళీ అవుతున్నకొద్దీ గొప్పలు పెంచే బంధువులు నాకున్నారు కాబట్టి విషయం వెంటనే అర్థమైంది. మీటరుకి బ్యాటరీ మారిస్తే బుద్ధిగా 12.6 అంది.

మాస్టారు ఇటు వచ్చి మీటరు తీసుకున్నారు. ఒక కొన బ్యాటరీ మైనస్ మీద. రెండోదానికి పొడుగు వైరు కలిపి ఇంజను ఇనుము మీద. "అమ్మా, తాళం తిప్పు. ఈ రెంటి మధ్య 0.2 వోల్టులు, మహా అయితే 0.5 దాటకూడదు."

మా ఆవిడ తిప్పింది. టక్. మీటరు 9 దాటింది.

సెల్ఫ్‌కి అందాల్సిన వోల్టేజీలో ముప్పాతిక దారిలోనే మాయం. దారి దొంగ ఎవరా అని మేం చూస్తుంటే లోపలి నుంచి మా ఆవిడ, "ఏమండీ, ఈ చోక్ నాబ్ చెయ్యి కాలుస్తోంది!" అని అరిచింది. కమురు వాసన కూడా వచ్చింది.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. బ్యాటరీ మైనస్ కారు బాడీకి కలిపి ఉంటుంది. ఇంజను మాత్రం రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకని ఇంజనుకీ బాడీకీ మధ్య జడలా అల్లిన లావుపాటి ఎర్త్ పట్టీ ఒకటి వేస్తారు. అది పని చెయ్యకపోతే, వంద ఆంపియర్లకు పైగా లాగే సెల్ఫ్ కరెంటు తిరిగి బ్యాటరీకి ఎలా వెళ్ళాలి? ఇంజను నుంచి డాష్‌బోర్డులోని చోక్ నాబ్ దాకా వచ్చే సన్నటి ఇనుప తీగ పట్టుకుని బయల్దేరింది. నిచ్చెన లేక దారం పట్టుకుని మేడ దిగినట్టు! ఆల్టర్నేటర్‌దీ అదే అవస్థ, అందుకే ఆ ఎర్రలైటు. మరి ఆ రోజు జంపర్‌తో ఎలా స్టార్టయింది? మా వాడు ఇంజనుకి తగిలించిన నల్ల క్లిప్పే ఎర్త్ పట్టీ పని చేసింది. ఇది విని బావమరిది మేఘాలను పరిశీలించడం మొదలుపెట్టాడు.

పట్టీ దొరికింది. తెగలేదు, తుప్పు పట్టలేదు. నిగనిగలాడుతోంది. రెండు కొనల కిందా అందంగా, నున్నగా వెండి రంగు పెయింటు. రబ్బరులాగే పెయింటులోంచీ కరెంటు పోదు.

"ఇక్కడ పెయింటు వేసిన మహానుభావుడెవరండీ?" అన్నారు మాస్టారు.

ఎవరూ మాట్లాడలేదు. అంతకు రెండు వారాల ముందు ఇంజను చూడ్డానికి బాగాలేదని బోల్టులన్నీ విప్పి, బ్రష్షుతో మెరుగులు దిద్ది, మళ్ళీ బిగించి, ఫోటోలు తీసి బంధువులందరికీ పంపించిన మనిషి ఒకడున్నాడు. మా ఆవిడ ఫోను తీసి మాస్టారికి చూపించింది. "రెండు కోటింగులండీ" అంది.

గరుకు కాగితంతో ఐదు నిమిషాలు గీకాను. పట్టీ బిగించి తాళం తిప్పితే టక్ లేదు, ఏకంగా గర్జనే. ఎర్రలైటు ఆరింది. మీటరు 14.2 అంది.

"అసలు మీకు అనుమానం ఎలా వచ్చింది మాస్టారూ?"

"మీ పాత బ్యాటరీ వారం నుంచి మా ఇంట్లో ఛార్జి పెట్టిన ప్రతిసారీ 12.6కి వచ్చి కూర్చుంటోందండీ. రోజూ మా లైట్లన్నీ దాని మీదే. ఇంత బాగున్నదాన్ని ఎందుకు వదిలేశారా అని గోడ మీంచి చూస్తున్నా."

"అయితే దాన్ని తిరిగి ఇచ్చేస్తారా?"

"ఎందుకండీ, మీకు కొత్తది ఉందిగా" అని గోడ అవతలికి వెళ్ళిపోయారు.